జోస్యం తప్పలేదు, జట్లే దారి తప్పాయి

అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్ సీజన్ నవంబరులో మొదలై ఏప్రిల్ తొలి వారంలో ముగుస్తుందని లోకం పొరబడుతోంది. నిజానికి అది అక్టోబరులోనే, బంతి నేలకు తగలకముందే పూర్తయిపోతుంది. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ (ఏసీసీ) అనే పద్ధెనిమిది విశ్వవిద్యాలయాల క్రీడా కూటమిని ఏళ్ల తరబడి అనుసరిస్తున్న విలేకరులు ఓట్లు వేసి, ఏ జట్టు ఎన్నో స్థానంలో నిలుస్తుందో మొదటి నుంచి పద్ధెనిమిది వరకు ప్రకటించడంతో జరగవలసినదంతా జరిగిపోయినట్లే. ఆ తరువాత ఐదు నెలల పాటు సాగే ఆటలు ఆ ప్రకటనను అమలుచేసే కార్యక్రమం మాత్రమే. అంతటి బాధ్యతను పంతొమ్మిదేళ్ల కుర్రవాళ్ల చేతుల్లో పెట్టడం వల్లనే ఏటా ఇన్ని అనర్థాలు కలుగుతున్నాయని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

విలేకరుల సాహసాన్ని ముందుగా గుర్తించాలి. మన సిద్ధాంతిగారు ఉగాదినాడు మీ రాశికి ఆదాయం 2, వ్యయం 14, రాజపూజ్యం 6, అవమానం 6 అని చదువుతారు గాని, ఆ పద్నాలుగు వేలో లక్షలో చెప్పరు, అవమానం ఆఫీసులోనో అత్తవారింట్లోనో చెప్పరు. ఏడాది చివర వెళ్లి లెక్క అడగడానికి ఎవరికీ అవకాశం ఉండదు. విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం వారు సైతం వాయుగుండం ఫలానా ఊరికీ ఫలానా ఊరికీ మధ్య తీరం దాటవచ్చునని కాస్త జాగా ఉంచుకుంటారు. ఏసీసీ విలేకరికి ఆ వెసులుబాటు లేదు. ఈ జట్టు మూడుకూ పదకొండుకూ మధ్య ఎక్కడో తీరం దాటవచ్చునని ఆయన రాయడానికి వీల్లేదు. ఏడు అంటే ఏడే. పద్ధెనిమిది జట్లను వరసలో నిలబెట్టడానికి దాదాపు 6,402 లక్షల కోట్ల విధాలున్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల వార్షిక బడ్జెట్లు కలిపినా పది లక్షల కోట్లు దాటవని గుర్తుంచుకుంటే, ఆ అంకె ముందు నిర్భయంగా కలం పట్టిన మనిషి ఏపాటి వాడో తెలుస్తుంది.

పైగా ఆయన పనిచేస్తున్నది లెక్కలకూ భూగోళానికీ ఎప్పుడో విడాకులిచ్చిన రంగంలో. బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్‌లో పద్ధెనిమిది జట్లున్నాయి, బిగ్ ట్వెల్వ్‌లో పదహారు. 1953లో పుట్టిన అట్లాంటిక్ తీర కాన్ఫరెన్స్ 2024లో స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ విశ్వవిద్యాలయాలను చేర్చుకుంది. అవి రెండూ పసిఫిక్ తీరాన ఉన్నాయి. అదే ఏడాది చేరిన ఎస్ఎంయూ అనే విశ్వవిద్యాలయం డాలస్‌లో ఉంది; అక్కడ ఏ తీరమూ లేదు. సముద్రాన్నే ఇంత ఉదారంగా అన్వయించుకునే సంస్థలో ఒక జట్టు ఆరో స్థానమా, మొదటి స్థానమా అని పట్టుబట్టడం చిన్నబుద్ధి.

అయినా పట్టుబట్టేవారున్నారు. నార్త్ కరోలినా రాష్ట్రంలో తెలుగువారు బాగా స్థిరపడిన క్యారీ పట్టణంలో నివాసం కనుక ఈ విషయం నాకు అనుభవపూర్వకంగా తెలుసు. డ్యూక్ విశ్వవిద్యాలయం ఉన్న డర్హమ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం ఉన్న చాపెల్ హిల్, నార్త్ కరోలినా స్టేట్ ఉన్న రాలీ, మూడూ మాకు అరగంట దూరంలోనే ఉన్నాయి. ఇక్కడ పిల్లవాడు ఏ కాలేజీలో చేరాడన్న ప్రశ్నతో పాటు ఆ ఇంటివారు ఏ రంగు చొక్కా వేస్తారన్నదీ తేలిపోతుంది. ఇటువంటి చోట పాత జోస్యాలను దాచుకుని మార్చిలో బయటికి తీసే దుర్మార్గులకు కొదవ లేదు. వారు ప్రతిసారీ ముందుకు తెచ్చే మూడు కేసులను విచారించి, అసలు దోషి ఎవరో తేలుస్తాను.

మొదటిది 2022 నాటిది. ఆ వసంతంలో నార్త్ కరోలినా జాతీయ ఫైనల్ దాకా వెళ్లి 72–69తో కాన్సస్ చేతిలో ఓడింది. ఆ రోజు ఆట మొదలుపెట్టిన ఐదుగురిలో నలుగురు తిరిగి వచ్చారు. వారిని కాన్ఫరెన్స్‌లోనే కాదు, దేశంలోనే మొదటి స్థానంలో నిలపడం కన్నా సహజమైన తీర్పు ఏముంటుంది? జట్టు ఏం చేసింది? నవంబరు చివర, డిసెంబరు మొదట్లో వరసగా నాలుగు ఆటలు ఓడింది. అందులో అలబామాతో ఆడిన ఆటలో నాలుగు ఓవర్‌టైములు తీసుకుని మరీ ఓడింది, అంటే విధేయతకు నాలుగు అదనపు అవకాశాలిచ్చినా వినలేదన్నమాట. చివరకు, ఎంపికైన జట్లు సీజన్ ముగింపులో ఆడే జాతీయ టోర్నమెంటుకు పిలుపే రాలేదు. 1985లో టోర్నమెంటు అరవై నాలుగు జట్లకు విస్తరించిన తరువాత, సీజన్‌కు ముందు దేశంలో మొదటి స్థానం పొందిన జట్టు ఇలా ఇంట్లో కూర్చోవడం అదే తొలిసారి. ఓటు వేసిన వారు తమ వంతు పని సక్రమంగా చేశారు. అవతలి పక్షమే మాట నిలుపుకోలేదు.

రెండోది వర్జీనియా వ్యవహారం. 2017–18కి ఆ జట్టుకు విలేకరులు కేటాయించిన స్థానం ఆరు. అది ఎవరినీ సంప్రదించకుండా పదిహేడు గెలుపులు, ఒక్క ఓటమితో కాన్ఫరెన్స్‌లో మొదటి స్థానం ఆక్రమించుకుంది. విమర్శకులు ఇక్కడితో కథ ఆపేస్తారు. ఆ జట్టే 2018 మార్చి 16న జాతీయ టోర్నమెంటులో యూఎంబీసీ అనే పదహారో సీడు, అంటే బలాబలాల వరసలో అట్టడుగున నిలిపిన జట్టు, చేతిలో 74–54తో ఓడింది. పురుషుల టోర్నమెంటు చరిత్రలో మొదటి సీడు పదహారో సీడుకు తలవంచడం అంతకు ముందు ఎన్నడూ లేదు. కాన్ఫరెన్స్‌లో మొదటి స్థానాన్ని, టోర్నమెంటులో తొలి రౌండు ఓటమిని కలిపి సగటు తీస్తే ఇంచుమించు ఆరో స్థానమే వస్తుందని నా నిష్పాక్షిక అంచనా. జోస్యం నెరవేరింది, కాస్త వంకరగా.

మూడో కేసు మాత్రం క్షమించరానిది. 2024లో నార్త్ కరోలినా స్టేట్ కాన్ఫరెన్స్ ఆటల్లో చివరి నాలుగూ ఓడి, పదో సీడుగా వాషింగ్టన్ నగరంలో జరిగిన ఏసీసీ టోర్నమెంటుకు వెళ్లింది. మర్యాద తెలిసిన జట్టయితే మొదటి రోజు ఓడి, రెండో రోజు రాలీ చేరుకునేది. ఇది ఐదు రోజుల్లో ఐదు ఆటలు గెలిచింది. వర్జీనియాతో సెమీఫైనల్లో గడియారం అయిపోతున్న క్షణాన మైకేల్ ఓకానల్ విసిరిన మూడు పాయింట్ల బంతి బోర్డుకు తగిలి, అంచు మీద తటపటాయించి లోపల పడటంతో ఆట ఓవర్‌టైముకు పోయింది. ఆ బోర్డు ఏ విలేకరి పరిధిలోకి వస్తుంది? ఫైనల్లో నార్త్ కరోలినాను 84–76తో ఓడించి 1987 తరువాత తొలిసారి టైటిల్ గెలిచిన ఈ జట్టు, అంతటితో ఆగక జాతీయ టోర్నమెంటులో డ్యూక్‌ను కూడా ఇంటికి పంపి, నాలుగే జట్లు మిగిలే ఫైనల్ ఫోర్ దశకు చేరింది. ఆ ఏడాది సీజన్‌కు ముందు ఏసీసీ విలేకరులు అగ్రస్థానం ఇచ్చింది డ్యూక్‌కే అన్న విషయాన్ని గుర్తుచేయడం నాకు కష్టంగానే ఉంది.

సంతోషించదగ్గ సంగతి ఏమిటంటే శిక్ష ఆలస్యం కాలేదు. జట్లు పద్ధెనిమిదికి పెరగడంతో 2025 ఏసీసీ టోర్నమెంటుకు పదిహేనింటినే పిలిచారు. వెలుపల మిగిలిన మూడింటిలో నార్త్ కరోలినా స్టేట్ ఒకటి. టైటిల్‌ను నిలుపుకునేందుకు గుమ్మం దాటే వీలు కూడా లేకపోయింది, కోచ్ ఉద్యోగమూ పోయింది. దీనిని వట్టి ఓటమిగా చూసేవారు చూడవచ్చు. పదిహేను మందికే విస్తళ్లు వేసి మిగిలినవారిని బయట నిలబెట్టే ఈ పద్ధతిలో నాకు మాత్రం క్రమశిక్షణా చర్య కనిపిస్తోంది.

ఇక ఓటు ఎలా వేస్తారన్నది రహస్యమేమీ కాదు. ఒకప్పుడు ఆటగాడు కాలేజీ మారితే ఏడాది పాటు ఆడకుండా సాధారణ దుస్తుల్లో కూర్చోవాలి. 2021లో ఆ నిబంధన సడలింది, 2024 నాటికి పూర్తిగా పోయింది. ఆటగాళ్లు తమ పేరుతో సంపాదించుకోవడానికి అనుమతి 2021 జూలైలో వచ్చింది. 2025 నుంచి విశ్వవిద్యాలయమే అన్ని క్రీడలకూ కలిపి ఏటా రెండు కోట్ల డాలర్లకు పైగా పంచవచ్చు. అందుచేత ప్రతి వేసవిలో జట్టు మొత్తం ఖాళీ అవుతుంది, ప్రతి శరత్తులో కొత్తది దిగుతుంది. కాలం కలిసివస్తే నడిచివచ్చే కొడుకు పుడతాడని పెద్దలు ఎందుకన్నారో లూయీవిల్‌ను చూస్తే బోధపడుతుంది. 2023–24లో ఎనిమిది గెలిచి ఇరవై నాలుగు ఓడిన ఆ జట్టు, కొత్త కోచ్ ప్యాట్ కెల్సీ రాగానే దాదాపు అందరూ నడిచివచ్చిన కొడుకులతో మరుసటి ఏడాది కాన్ఫరెన్స్‌లో పద్ధెనిమిది గెలిచి రెండే ఓడింది. ఇటువంటి పరిస్థితిలో విలేకరి ఎవరికి ఓటు వేయాలి? ఆటగాళ్లను ఆయన చూసి ఉండడు. చూసినా వారు అప్పుడు వేరే చొక్కాలో ఉన్నారు. కనుక ఆయన మారనిదానికి, అంటే చొక్కాకే, ఓటు వేస్తున్నాడు. డ్యూక్, నార్త్ కరోలినాల నీలం చొక్కాలు పైన, మిగిలిన రంగులు కింద. కాలేజీ మారదలచిన ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే పోర్టల్‌లో చొక్కా ఇంతవరకు చేరలేదు.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని వెక్కిరించేవారికి ఒక్క మాట. 2024 అక్టోబరులో, సీజన్‌కు మూడు వారాలైనా లేనప్పుడు, వర్జీనియా కోచ్ టోనీ బెనెట్ పదవీ విరమణ ప్రకటించారు. తన జట్టుకు తానే లేనని కోచే మధ్యలో చెప్పే కాలంలో, ఇరవై వారాల తరువాతి స్థానాలను విలేకరి చెప్పలేకపోవడం ఏమంత నేరం? ఈ క్రీడలో అందరికన్నా ఎక్కువ మంది నమ్మే అంకెలు కెన్ పామరాయ్‌వి; బంతి చేతికి వచ్చిన వంద అవకాశాలకు ఒక జట్టు ఎన్ని పాయింట్లు సాధిస్తుంది, ఎన్ని ఇస్తుంది అని ఆయన లెక్క కడతారు. ఆయన పూర్వాశ్రమంలో వాతావరణ శాస్త్రవేత్త. వానల మీద వచ్చిన అనుభవమే ఈ రంగంలో అక్కరకొచ్చిందంటే రంగం స్వభావం అర్థమవుతుంది.

జోస్యం అక్షరాలా ఫలించిన సందర్భమూ ఉంది. 2024–25కి డ్యూక్ మొదటిదన్నారు. కూపర్ ఫ్లాగ్ అనే పద్ధెనిమిదేళ్ల ఆరడుగుల తొమ్మిది అంగుళాల కుర్రవాడితో డ్యూక్ కాన్ఫరెన్స్‌లో పంతొమ్మిది గెలిచి ఒక్కటే ఓడింది, ఏసీసీ టోర్నమెంటు కూడా గెలిచింది. రోహిణీ కార్తెలో ఎండ కాస్తుందని చెప్పి నెగ్గినంత గొప్పగా ఆ విజయాన్ని జరుపుకున్నారు. జరుపుకోనివ్వండి, వారికి అటువంటి రోజులు తక్కువ.

భవిష్యత్తు కోసం నా సూచన ఒక్కటే. పదిహేనో స్థానం దక్కిన జట్టు కోచ్ ఆ కాగితాన్ని దుస్తుల గదిలో గోడకు అతికించి, చూశారా మనల్ని ఎంత లోకువ చేశారో అని రోజూ పిల్లలకు చూపిస్తాడు. విలేకరి శ్రమఫలాన్ని ఇలా ఉచితంగా వాడుకోవడం అన్యాయం. అంచనా కన్నా పైకి ఎక్కిన ప్రతి స్థానానికి ఇంత అని ఆ జట్టు నుంచి ప్రేరణ రుసుము వసూలు చేసి, ఓటు వేసిన వారికి సమానంగా పంచాలి.

నాకు ఓటు లేదు. అయినా ఈసారి ఇంట్లో కూర్చుని ఒక కాగితం నింపాను. మొదటి స్థానం నీలం చొక్కాకే ఇచ్చాను. ఏ నీలమో అడగకండి, అరగంట దూరంలో ఇద్దరున్నారు. పదిహేడు దాకా చేయి ఆగలేదు. పద్ధెనిమిదో గడి మాత్రం ఖాళీగా వదిలేశాను. అక్కడ ఎవరి పేరు రాసినా, మార్చిలో వాళ్లు గడియారం సున్నాకు చేరే వేళ ఒక బంతిని బోర్డుకు తగిలించి లోపల వేస్తారని భయం.