వార్టన్ ప్రముఖుల జాబితా గారికి

అయ్యా జాబితా గారూ,

ఫిలడెల్ఫియాలో ఉన్న మీ వార్టన్ బిజినెస్ స్కూల్ గురించి ఎవరు నోరు విప్పినా ముందు మీరే ఊడిపడతారు. అక్కడ చదివినవాళ్లంటూ సుందర్ పిచాయ్, ఎలాన్ మస్క్, అనిల్ అంబానీ... ఇక్కడ విదేశీ చదువుల కన్సల్టెన్సీలో కుర్చీ వేసి కూర్చోబెట్టి ఈ పేర్లు చదివి వినిపిస్తారు, ఫీజు సంగతి ఎత్తేలోపే ఆ తండ్రి మనసులో ఇంటి కాగితాలు బ్యాంకుకి చేరిపోయి ఉంటాయి.

మీరు అచ్చం మన శుభలేఖ లాంటివారు. డబ్బున్న దూరపు చుట్టానికి పెద్ద అక్షరాలు, కేసులున్న సొంత బావమరిదికి చోటు చాల్లేదంటారు. వారెన్ బఫెట్ మీ దగ్గర రెండేళ్లు చదివి, చాల్లే అనుకుని నెబ్రాస్కా వెళ్లిపోయి డిగ్రీ అక్కడ తీసుకున్నాడు. పోతే పోయాడని మీరు ఊరుకున్నారా? లేదు, ఎక్కించేశారు.

సరే, ఇంతకీ మీ ఇంటి పెద్దాయన జోసెఫ్ వార్టన్ ఎవరో మీకు గుర్తుందా? కాలేజీ గడప తొక్కలేదు. పంతొమ్మిదో ఏట ఒక బట్టల వ్యాపార సంస్థలో చేరి పద్దులు రాయడం నేర్చుకున్నాడు. తర్వాత జింకు, నికెల్, ఆపైన బెత్లెహెమ్ ఉక్కు. అమెరికా ఐదు సెంట్ల నాణెంలో నికెల్ వాడాలని చట్టసభ చుట్టూ తిరిగాడు, ఆ నికెల్ తయారుచేసేది ఎవరో వేరే చెప్పాలా! 1881లో లక్ష డాలర్లిచ్చి ఈ స్కూలు పెట్టించాడు. ఆయనకు ముగ్గురూ ఆడపిల్లలే, ఆయన రాయించిందేమో కుర్రాళ్ల చదువుకి. అండర్‌గ్రాడ్యుయేట్ కోర్సులో ఆడపిల్లలకు చోటు దొరికింది 1954లో. అప్పటికి ఆయన పోయి నలభై ఐదేళ్లు.

డబ్బుతో పాటు ఏం చెప్పాలో కూడా రాసిచ్చాడు పెద్దాయన. పక్కవాడి దగ్గర గెలుచుకున్న సొమ్ము కాదు, నలుగురికి పనికొచ్చే పని చేసి సంపాదించిన సొమ్మే సొమ్మని చెప్పమన్నాడు. మోసం చేసినవాళ్లకి, నమ్మకద్రోహం చేసినవాళ్లకి చట్టప్రకారం శిక్ష పడితే చాలదు, సంఘం వాళ్లని వెలివేయాలి కూడా అని నేర్పమన్నాడు. వెలి! మన పాత ఊళ్లలో నిప్పూ నీళ్లూ ఇవ్వకుండా ఆపేవారు చూడండి, అదీ.

ఇప్పుడు చెప్పండి. మైకేల్ మిల్కెన్ మీవాడే, జంక్ బాండ్ల (వడ్డీ ఎక్కువ, మునిగే ప్రమాదమూ ఎక్కువ ఉండే అప్పు పత్రాల) రాజు, 1990లో ఆరు నేరాలు ఒప్పుకున్నాడు. రాజ్ రాజరత్నం మీవాడే, 1983 ఎంబీఏ, కంపెనీల లోపలి రహస్య సమాచారంతో షేర్ల వ్యాపారం చేసిన కేసులో 2011లో పదకొండేళ్ల శిక్ష. ఆయనకు ఆ సమాచారం చెవిలో వేశాడని మరుసటి ఏడాది దోషిగా తేలిన రజత్ గుప్తా హార్వర్డ్ మనిషి, మీ ఖాతా కాదు, ఒప్పుకుంటా. కానీ మీ స్కూలు, కెలాగ్ అనే ఇంకో అమెరికా బిజినెస్ స్కూలు భాగస్వాములుగా 2001లో మన గచ్చిబౌలిలో తరగతులు మొదలుపెట్టిన ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) వ్యవస్థాపకుల్లో ఆయన ముఖ్యుడు. చుట్టరికం ఎంత దూరం పాకిందో చూశారా! కన్సల్టెన్సీ వాళ్లు మాత్రం ఈ పేర్ల దగ్గరికొచ్చేసరికి గబుక్కున పేజీ తిప్పేస్తారు.

మిల్కెన్‌కి వెలి పడలేదు సరికదా, 2020లో క్షమాభిక్ష దొరికింది. ఇచ్చింది ఎవరు? 1968 బ్యాచ్ డొనాల్డ్ ట్రంప్. పూర్వ విద్యార్థుల సంఘం అంటే ఇలా ఉండాలి, ఊరికే ఏడాదికోసారి డిన్నర్లు పెట్టుకుంటే ఏం లాభం.

ఇక్కడే అసలు తమాషా. పెద్దాయనకి దిగుమతి సుంకాలంటే ప్రాణం. దేశం తన అవసరాలు తానే తీర్చుకోవాలి, సరైన సుంకం వేస్తే విదేశీయులు చచ్చినట్టు చవగ్గా అమ్ముతారు, మన సర్కారు ఖర్చూ భరిస్తారు అని, ఇదీ పాఠంగా చెప్పమని ఆ పత్రంలోనే రాశాడు. కాలక్రమంలో మీ ప్రొఫెసర్లు ఆ పాఠాన్ని అటకెక్కించి, హాయిగా ప్రపంచ వాణిజ్యం బోధించుకుంటూ వచ్చారు. నూట నలభై ఏళ్లు దాటాక ఒక్క శిష్యుడు, అదే ట్రంప్, లేచి, స్థాపకుడి పాఠాన్ని అక్షరం పొల్లు పోకుండా దాదాపు దేశాలన్నిటి మీదా సుంకాలు వేసి అప్పజెప్పాడు. ఇంత గురుభక్తి ఇంకెవరికుంది? పిచాయ్‌కుందా, మస్క్‌కుందా?

కాబట్టి వచ్చే ముద్రణలో పేర్ల పక్కన రెండు గళ్లు పెట్టించండి. పెద్దాయన సుంకాల పాఠంలో ఎన్ని మార్కులు, వెలి పాఠంలో ఎన్ని మార్కులు. మా కన్సల్టెన్సీ వాళ్లకి కలర్ ప్రింటు పంపితే చాలు, గోడకి వాళ్లే అతికించుకుంటారు.

ఇట్లు,
ఏ జాబితాకీ ఎక్కని ఒక బీకాం