ముందు మాట.. ఆ తర్వాతే వేదిక

డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం, 16న విజయ్ దివస్. ఆ రోజుల్లో విజయవాడ, గుంటూరుల్లో మాజీ సైనికుల సన్మాన సభలు జరుగుతాయి. శాలువా, జ్ఞాపిక, తెర మీద ఐదు నిమిషాల వీడియో. అందులో సినిమా పాట ఉంటుంది, నెట్‌లోంచి దించిన ట్యాంకులూ విమానాలూ ఉంటాయి. ముందు వరసలో కూర్చున్న సుబేదారు గారి మాట మాత్రం ఒక్కటీ వినిపించదు. 1971 యుద్ధంలో ఇరవై ఏళ్ల జవాన్లయినవారు ఇప్పుడు 75 ఏళ్లకు అటూ ఇటూ ఉన్నారు. 1965 యుద్ధం చూసినవారు 80కి చేరువలోనో, దాటో ఉన్నారు. వచ్చే డిసెంబరుకు నివాళి చిత్రం తలపెట్టే ప్రతి కళాశాలా, ప్రతి సంఘమూ ఎడిటింగ్ సంగతి పక్కనపెట్టి, ముందు వారి మాటను రికార్డు చేయాలని కోరుతున్నాం. ఆ పని ఈ నెలలోనే మొదలు కావాలి.

1948 డిసెంబరు 1 నుంచీ ఆకాశవాణి కేంద్రం ఉన్న బెజవాడకు గొంతు విలువ కొత్తగా చెప్పనక్కర్లేదు. దాన్ని పట్టుకోవడానికి పెద్ద సరంజామా కూడా అక్కర్లేదు. ఒక మంచి ఫోను, స్టాండు, వెయ్యి రూపాయల లోపు దొరికే వైరు కాలర్ మైకు చాలు. మైకును గడ్డానికి జానెడు కింద, చొక్కా మడత దానికి రాసుకోకుండా తగిలించాలి. రికార్డింగులు ఎక్కువగా పాడయ్యేది ఫ్యాను వల్లే. అప్పుడు చెవికి ఆనని ఆ హోరు తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా పూర్తిగా పోవడం కష్టం. మన ఎండల్లో ఫ్యాను ఆపి పెద్దవారిని కూర్చోబెట్టలేం కాబట్టి ఉదయం ఆరు, ఎనిమిది మధ్య పెట్టుకోవాలి. ఫ్రిజ్ ఆపాలి, ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచాలి. ట్యూబ్‌లైటు వెలుగులో తీస్తే చిత్రం మినుకుమినుకుమంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ గనుక కెమెరా సెట్టింగుల్లో షట్టర్ వేగాన్ని 1/50 లేదా 1/100 సెకను వద్ద పెడితే ఆ బెడద ఉండదు. హెచ్‌డీ వీడియో నిమిషానికి 100 ఎంబీకి పైగా మింగుతుంది. ముప్పావుగంటకు ఐదారు జీబీలు ఖాళీ ఉన్నాయో లేదో ముందే చూసుకోకపోతే మాట మధ్యలో రికార్డింగు ఆగిపోతుంది.

ఇద్దరు వెళ్లాలి. ఒకరు అడగాలి, ఇంకొకరు హెడ్‌ఫోన్ పెట్టుకుని వినాలి. మొదట పేరు, ఊరు, తేదీ చెప్పించాలి. చివర అర నిమిషం అందరూ మౌనంగా ఉండి గది శబ్దాన్ని రికార్డు చేయాలి. ఎడిటింగ్‌లో కోతల మధ్య అతుకు తెలియకుండా ఉండేది దానివల్లే. ఒక విడతకు 45 నిమిషాలు మించితే పెద్దవారు అలసిపోతారు. ‘ఎంతమందిని చంపారు’ అన్న ప్రశ్న ఎవరూ అడగకూడదు. భర్తీ ఎక్కడ జరిగింది, మొదటి జీతం ఏం చేశారు, లంగర్‌లో (సైనికుల వంటశాలలో) ఏం వండేవారు, సెలవు దొరికితే ఊరికి ఎన్ని రైళ్లు మారాల్సి వచ్చేది- ఇలా అడిగితే మిగతావి వాటంతటవే వస్తాయి. ఇంటావిడనూ విడిగా కూర్చోబెట్టి మాట్లాడించాలి. మనియార్డరు కోసం ఎదురుచూస్తూ సంసారాన్ని ఈదిన కథ ఆమె దగ్గరే ఉంటుంది. ఈ మధ్యే పదవీ విరమణ చేసినవారిని యూనిట్లు ఎక్కడున్నదీ అడగడం తగదు. దేనికి అనుమతి ఇస్తున్నారో కాగితం మీద రాయించుకుని, ఏ భాగం వద్దంటే అది తీసేయాలి.

ఫొటోలను ఆల్బమ్ నుంచి పీకితే చిరుగుతాయి. అంటుకుపోయినవాటిని పేజీతో సహా స్కాన్ చేయాలి. స్కానర్ స్పష్టతను పోస్టుకార్డు సైజుకు 600 డీపీఐ, పాస్‌పోర్టు సైజుకు 1200 పెట్టాలి. వెనకవైపూ స్కాన్ చేయాలి, తేదీ, పేర్లు అక్కడే ఉంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత చచ్చిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. పాత ఉత్తరాల మీద ‘56 ఏపీవో’, ‘99 ఏపీవో’ అని కనిపిస్తే అవి సైనిక తపాలా చిరునామాలే, ఊళ్లు కావు. వాటిని స్థలంగా రాసేస్తే చరిత్ర తప్పుతుంది. డిశ్చార్జి బుక్కు చూపించాల్సి వస్తే సర్వీసు నంబరు, పెన్షను నంబరు కప్పేయాలి.

అన్నింటికన్నా ఎక్కువ పొరపాట్లు పతకాల దగ్గరే జరుగుతున్నాయి. ఛాతీ మీది ప్రతి పతకమూ శౌర్య పతకం కాదు. స్వాతంత్ర్య రజతోత్సవ పతకం 1972 ఆగస్టు 15 నాటికి సేవలో ఉన్నవారికి ఇచ్చినది. పూర్వీ స్టార్ ఉంటే 1971లో తూర్పు రంగం, పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి రంగం. ఇలాంటి పతకాలను పరమ వీర చక్రతో ఒక గాట కట్టేస్తే ఆ మనిషిని గౌరవించినట్టు కాదు, సభలో తలదించుకునేలా చేసినట్టు. పతకం అంచున నంబరు, హోదా, పేరు చెక్కి ఉంటాయి. ఆ అంచును కూడా ఫొటో తీసి, దాన్నిబట్టే తెర మీద పేరు వేయాలి. బొమ్మలు గీసే ఏఐతో సైనికుణ్ని సృష్టించే పని అసలు వద్దు. అమెరికా యూనిఫాం, లేని పతకాలు అలాగే చేరుతున్నాయి.

తెలుగు అక్షరాలు తెర మీద విడిపోవడం మరో తలనొప్పి. డీటీపీలో వాడే ‘అను’ ఫాంట్లతో కంపోజ్ చేసినది ఆ ఫాంటు లేని కంప్యూటర్లో చెదిరిపోతుంది, యూనికోడ్‌లోకి మార్చాలి. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు పక్కకు జారితే గ్రాఫిక్స్ సెట్టింగులో సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి. జాతీయ పతాకం మీద పేర్లు పరిచే యానిమేషన్లు మానాలి. పతాక స్మృతి ప్రకారం జెండా మీద ఏ అక్షరమూ ఉండకూడదు. సినిమా పాట వాడితే కాపీరైట్ పేరుతో యూట్యూబ్ శబ్దం మూసేయవచ్చు. వీణ, వేణువు ఏదైనా మన పిల్లలతోనే వాయించి, మాట వినిపించేటప్పుడు బాగా తగ్గించాలి. వినేవారిలో చాలామందికి చెవులు మందగించి ఉంటాయి.

సభకు పది నిమిషాల చిత్రం చాలు, ఒక్కొక్కరికి నిమిషం, నిమిషంన్నర. హాల్లో ముందురోజే వేసి చూడాలి. కేబుల్ పెట్టగానే ల్యాప్‌టాప్ శబ్దం ప్రొజెక్టరుకు పోయి, మైకు సెట్‌కు రాకుండా పోవడం చాలాచోట్ల జరిగేదే.

కోయని పూర్తి రికార్డింగులు చిత్రం కన్నా విలువైనవి. పెన్‌డ్రైవ్‌ను నమ్ముకోకుండా రెండు హార్డ్‌డిస్కుల్లో, వాటిలో ఒకటి వేరే చోట, ఇంకో ప్రతి క్లౌడ్‌లో ఉంచాలి. ఒక ప్రతి కుటుంబానికి ఇవ్వాలి. కుటుంబం ఒప్పుకుంటే మరో ప్రతిని తీసుకుని భద్రపరిచే బాధ్యతను జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు, జిల్లా గ్రంథాలయ సంస్థలు స్వీకరించాలి. కలెక్టర్లు ఇందుకు ఒక గదినీ, ఒక ఉద్యోగినీ కేటాయించాలి. ఎన్‌సీసీ కాడెట్లకు ఒక ఆదివారం కాలర్ మైకు, స్కానరు వాడటం నేర్పితే 80 దాటినవారి ఇళ్లతో పని మొదలుపెట్టవచ్చు.