క్రైస్తవ సంఘంలో యువతకు చోటేది?

మెదక్ కెథడ్రల్‌కు 2024 క్రిస్మస్‌తో నూరేళ్లు నిండాయి. కరవు వాతపడిన జనానికి ఊరికే గంజి పోసి పంపకుండా పని కల్పించాలని వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ తలపెట్టిన నిర్మాణం అది. పండుగనాడు అక్కడ ఇప్పటికీ ఇసుక వేస్తే రాలదు. తక్కిన ఆదివారాల గురించి సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్, బాప్టిస్టు సంఘాల పెద్దల్లో ఎవరిని కదిలించినా ఒకటే బెంగ: కుర్రకారు రావడం లేదు, వచ్చినవారూ ఊరి చివర రేకుల షెడ్డులో వెలసిన స్వతంత్ర సంఘానికో, హైదరాబాద్‌లోని భారీ ప్రార్థన మందిరాలకో తరలిపోతున్నారు.

దీనికి చాలాచోట్ల కనిపెట్టిన విరుగుడు డ్రమ్ములు, ఎల్ఈడీ తెరలు. వేదిక హంగుల్లో స్వతంత్ర బోధకులతో పోటీకి దిగితే పాత సంఘాలు గెలవలేవని మా అభిప్రాయం. పైగా ఆ తొందరలో చేతిలో ఉన్నది జారిపోతోంది. పాటలపైన రాగం, తాళం పేర్లు అచ్చువేసుకున్న కీర్తనల పుస్తకం తెలుగు క్రైస్తవుల సొంత ఆస్తి. దాన్ని బాణీ తప్పకుండా పాడేవారు నేడు అనేక సంఘాల్లో స్త్రీల మైత్రి అనే మహిళా బృందంలోని పెద్దావిడలే. నేర్పినవారు లేకపోతే పిల్లలకు అది పాతదని కాదు, అసలు తెలియదనే చెప్పుకోవాలి.

అసలు చిక్కు ఆరాధన ముగిశాక మొదలవుతుంది. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం కంఠతా పట్టి, బిషప్ చేత కన్ఫర్మేషన్ (పూర్తి సభ్యుడిగా స్థిరీకరణ) పొంది, మొదటిసారి ప్రభు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారంలో) పాలుపొందిన పిల్లవాడికి ఆ తర్వాత సంఘం అప్పగించే పని ఏమిటి? కుర్చీలు సర్దడం, డిసెంబరులో నక్షత్రాలు కట్టడం. మిషన్ కాంపౌండు దుకాణాల అద్దె ఎంత వస్తోందని సర్వసభ్య సమావేశంలో అడిగితే మాత్రం ‘పెద్దల మాటల్లో నీకెందుకు బాబూ’ అన్న జవాబే ఎదురవుతుంది. బిషప్ ఎన్నికలూ మిషన్ భూముల లావాదేవీలూ కోర్టుకెక్కిన వార్తలు చదువుతూ పెరిగిన తరానికి ఆ జవాబు సరిపోదు.

ఇంటి దగ్గర వారిని వెంటాడే ప్రశ్నలు వేరే ఉన్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. తెలుగు రాష్ట్రాల్లో వారికి దక్కేది బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. బాప్తిస్మపు రిజిస్టరులో ఒక గుర్తింపు, కళాశాల దరఖాస్తులో మరొకటి మోస్తున్న యువతీ యువకులు ఆ సంఘర్షణను బయటపెట్టగల చోటు సంఘంలోనే లేకపోతే ఇంకెక్కడ ఉంటుంది?

చరిత్ర చూస్తే ఈ సంఘాలను నిలబెట్టినవారు వృద్ధులేమీ కారు. ఒంగోలులో కాలుమోపేనాటికి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు ముప్పయ్యేళ్లు. 1876-78 కరవులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత మేర కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి కల్పించిన మనిషి ఆయన. 1912లో దోర్నకల్ బిషప్‌గా, ఆంగ్లికన్ సంఘంలో ఆ హోదా పొందిన తొలి భారతీయుడిగా నిలిచిన వి.ఎస్. అజరయ్యకు అప్పటికి నలభై కూడా రాలేదు. మారడం పాత సంఘాలకు చేతకాదనీ అనలేం. 2013లో ఎగ్గోని పుష్ప లలితను నంద్యాల పీఠంపై కూర్చోబెట్టి తొలి మహిళా బిషప్‌ను చేసుకున్నది సీఎస్ఐయే.

స్థానిక సంఘాల పాలన చూసే పాస్టరేట్ కమిటీల్లో మూడోవంతు స్థానాలు ముప్పయ్యేళ్ల లోపువారికి కేటాయించాలి. పోటీ పరీక్షలకు చదివేవారికి వారమంతా తాళం వేసి ఉండే సండే స్కూలు గదులు తెరవాలి. కమిటీల కూర్పు మారడానికి నిబంధనల సవరణ, సినడ్ (సంఘపు అత్యున్నత సభ) ఆమోదం అంటూ ఏళ్లు పట్టవచ్చు. కానుకలు, అద్దెల లెక్క రాసిన కాగితాన్ని నోటీసు బోర్డుకు అంటించడానికి మాత్రం వచ్చే ఆదివారం చాలు.