కళ్లెం విప్పిన తర్వాత

బావిలో పడిన గుర్రాన్ని క్రేన్‌తో పైకి లాగుతున్నప్పుడు, కాలు విరిగి రోడ్డు పక్కన కూలబడిన పెళ్లి గుర్రాన్ని నలుగురు కుర్రాళ్లు టార్పాలిన్ మీదకు చేర్చి వ్యానెక్కిస్తున్నప్పుడు జనం గుమిగూడతారు, ఫోన్లలో వీడియోలు తీస్తారు, మనస్ఫూర్తిగా శభాష్ అంటారు. ఆ గుర్రం మర్నాడు ఏం తింటుందో, దాని లద్దె ఎవరు ఎత్తుతారో, పుండ్లకు కట్టు ఎవరు మారుస్తారో, పనికిరాదని తేలిపోయిన ఆ జీవాన్ని ఇంకో పదిహేను, ఇరవై ఏళ్లు ఎవరు సాకుతారో అడిగేవాళ్లు మాత్రం అరుదు. ఆ బరువంతా చివరికి ఊరి బయట రేకుల షెడ్డులో పనిచేసే కొద్దిమంది స్వచ్ఛంద సేవకుల భుజాల మీదే పడుతోంది. వాళ్ల మంచితనాన్ని మెచ్చుకుని ఊరుకోవడంతో సమాజం బాధ్యత తీరిపోదనీ, చట్టం ఎవరి మీద మోపిన భారం వాళ్లే మోయాలనీ మేము భావిస్తున్నాం.

దేశంలో గుర్రాలు ఎంత వేగంగా తగ్గిపోతున్నాయో పశుగణన లెక్కలు చెబుతాయి. 2012లో గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి సుమారు 6.25 లక్షలు ఉంటే 2019 నాటికి 3.4 లక్షలే మిగిలాయి. ఏడేళ్లలో దాదాపు సగం. ఒకప్పుడు తెలుగు నేల మీద ఏ రైల్వే స్టేషను ముందు చూసినా జట్కాలు బారులు తీరి ఉండేవి. ఆటోలు వచ్చాక అవి ఒక్కొక్కటిగా కనుమరుగయ్యాయి. పాడేరు ఏజెన్సీలో రోడ్డు చేరని కొండ గ్రామాలకు బియ్యం, ఉప్పు, సిమెంటు బస్తాలు ఇప్పటికీ గుర్రాల మీద ఎక్కుతున్నాయి గనుక అక్కడ గుర్రానికి ఇంట్లో మనిషికున్నంత విలువ ఉంది. నగరాల్లో దానికి మిగిలినవి పెళ్లి ఊరేగింపు, బీచ్‌లో సవారీ, పందెం మైదానం మాత్రమే. ఈ మూడింటిలోనూ గుర్రం సంపాదించే కాలం చిన్నది, తినవలసిన కాలం పెద్దది. ఆషాఢం, మూఢం వస్తే పెళ్లిళ్లుండవు, మొహర్రంలో బరాత్‌లు తగ్గుతాయి, వానల్లో సముద్రతీరం ఖాళీ అవుతుంది. ముహూర్తాలు లేవని గుర్రానికి ఆకలి వేయకుండా ఉండదు. రాత్రిపూట కట్టు విప్పి వీధుల్లోకి వదిలేసిన గుర్రాలు చెత్తకుప్పల దగ్గర ప్లాస్టిక్ సంచులతో సహా తిండి వెతుక్కోవడం, వాహనాల కింద పడటం ఈ లెక్క కుదరకపోవడం వల్ల జరిగేవే.

‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అని మన పెద్దలు ఎత్తిపొడుపుగా అన్న మాట ఆశ్రయ కేంద్రం నడిపేవాళ్లకు రోజువారీ జమాఖర్చు. 400 కిలోల బరువున్న గుర్రానికి ఒంటి బరువులో సుమారు రెండు శాతం, అంటే రోజుకు ఎనిమిది కిలోల ఎండు మేత కావాలి. పాతిక నుంచి నలభై లీటర్ల నీళ్లు, వేసవిలో ఇంకా ఎక్కువ కావాలి. అది రోజుకు పదిహేను కిలోలకు పైగా లద్దె వేస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి గిట్టలు చెక్కాలి, లేకపోతే అవి పెరిగి నడక వంకరపోతుంది. పళ్లు జీవితాంతం పెరుగుతూ, అరుగుతూ ఉంటాయి గనుక అంచులు పదునెక్కి బుగ్గలు కోసుకోకుండా ఏటా ఆకురాయితో రాపించాలి. నమలలేని ముసలి గుర్రానికి ఉలవలు మెత్తగా ఉడికించి, తవుడు నానబెట్టి పెట్టాలి. పది గుర్రాలున్న షెడ్డులో తెల్లవారుజామున మొదలైన పని ఒక మనిషికి మధ్యాహ్నానికి గాని ఒక కొలిక్కి రాదు, సాయంత్రం మళ్లీ మొదటికొస్తుంది.

ఈ పనిలో ప్రేమ ఎంత ముఖ్యమో తెలివిడి అంతకన్నా ముఖ్యం. ఎముకల గూడులా మిగిలిన గుర్రాన్ని తెచ్చినప్పుడు ఎవరికైనా ముందు అనిపించేది దాని కడుపు నింపాలనే. ఉలవలో, బెల్లమో, రొట్టెలో తెచ్చి ముందు పెట్టేస్తారు. వారాల తరబడి పస్తున్న శరీరంలోకి పిండి పదార్థం ఒక్కసారిగా చేరితే ఇన్సులిన్ ఎగసి, రక్తంలోని ఫాస్ఫరస్, మెగ్నీషియం, పొటాషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె, ఊపిరి దెబ్బతిని, ఆకలిని తట్టుకుని బతికిన గుర్రం తిండి దొరికిన నాలుగైదు రోజులకు చనిపోవచ్చు. మొదటి పది రోజులూ దాణా జోలికి పోకుండా, లూసర్న్ గడ్డిని కొద్దికొద్దిగా, నాలుగు గంటలకొకసారి చొప్పున రాత్రీపగలూ వేస్తూ, పశువైద్యుడు చెప్పినట్టే మెల్లగా పెంచుకుంటూ పోవాలి. అర్ధరాత్రి రెండింటికి లేచి, గుప్పెడు గడ్డి వేసి, ఇంకా కావాలని ముట్టె చాచే గుర్రాన్ని కాదని వెనక్కి తిరగడానికి మనసు గట్టిగా ఉండాలి. అలాంటి నిగ్రహం నేర్చుకున్న వాలంటీరు ఒక్కరున్నా ఆ కేంద్రం అదృష్టమే.

కూలబడిన గుర్రం విషయంలోనూ ఇంతే. గంటల తరబడి ఒకే పక్కన పడుకుంటే తన బరువుకే కింది కండరాలు నలిగిపోయి, నరాలు చచ్చుబడి అది మళ్లీ లేవలేదు. మెడకు తాడు కట్టి లాగడం, తోక పట్టి ఎత్తడం సాయం కాదు, హింస. వెడల్పాటి పట్టీలు పొట్ట కింద నుంచి తీసి, తల కింద గోనెసంచి పెట్టి, కళ్లకు గంత కట్టి, కాళ్ల దెబ్బ తగలకుండా వీపు వైపు నుంచి నిలబడి ఎత్తాలి. చిన్న మేకు గుచ్చుకున్నా ధనుర్వాతం సోకే జీవాల్లో గుర్రం మొదటి వరసలో ఉంటుంది. అది వాంతి చేసుకోలేదు. కడుపులో చేరిన ప్లాస్టిక్‌ను కక్కేయలేక శూలతో విలవిల్లాడి ప్రాణం విడుస్తుంది. గ్లాండర్స్ లాంటి జబ్బులు మనుషులకూ సోకుతాయి. కొత్తగా వచ్చిన గుర్రాన్ని రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా విడిగా ఉంచకపోతే మందకూ, సేవ చేసేవాళ్లకూ కూడా ప్రమాదమే. పశుసంవర్ధక శాఖ ఈ పాఠాలను జిల్లాకొక చోట, ఏడాదికి రెండు సార్లు, తెలుగులో, ఉచితంగా నేర్పించడం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలోనూ, మన పశువైద్య విశ్వవిద్యాలయాల్లోనూ ఉన్న పరిజ్ఞానం షెడ్డులో పార పట్టుకున్న విద్యార్థిని దాకా చేరడమే కావలసింది.

సేవకు వచ్చే యువతీయువకులకు కూడా ఒక మాట చెప్పాలి. ఆదివారం ఇరవై మంది వచ్చి, గుర్రాల పక్కన ఫొటోలు దిగి, క్యారెట్లు తినిపించి వెళ్లడం కన్నా మంగళవారం ఒక్కరు వచ్చి లద్దె ఎత్తి నీళ్ల తొట్టి తోమడం ఎక్కువ మేలు. గుర్రం వేళ తెలిసిన జీవి. మేత వేళ తప్పితే కంగారు పడుతుంది, కడుపు చెడుతుంది. వారానికి ఒక్క పూటే అయినా సరే, చెప్పిన వేళకు ఏడాది పొడవునా రాగలిగినవాళ్లే ఆశ్రయానికి ఆధారం. చేతులు అందించలేనివాళ్లు నెలకు రెండు మోపుల గడ్డి ఖర్చు భరించినా అది సేవే.

చట్టం ఏమంటుందో చూస్తే మన ఆవేదన ఇంకా పెరుగుతుంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 ప్రకారం మూగజీవాన్ని కొట్టినా, పస్తు పెట్టినా, గాయాలతో పనిచేయించినా మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ అదే నేరం చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. అరవై ఏళ్లు దాటినా ఈ అంకెలు మారలేదు. బరువు లాగే, మోసే పశువులకు సంబంధించిన 1965 నిబంధనలు ముళ్ల కళ్లేలను నిషేధించాయి. రోజుకు తొమ్మిది గంటలకు మించి, ఎడతెగకుండా ఐదు గంటలకు మించి పనిచేయించరాదన్నాయి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పనికి కట్టవద్దన్నాయి. ఈ నిబంధనలను పట్టించుకుని తనిఖీ చేసే యంత్రాంగం ఎక్కడా కనబడదు.

స్వచ్ఛంద సంస్థల మీద పడుతున్న పోషణ భారానికి కూడా చట్టంలో దారి ఉంది. సెక్షన్ 35 ప్రకారం వైద్యం, సంరక్షణ కోసం పశు ఆశ్రయాలను ప్రభుత్వమే నియమించవచ్చు. అక్కడికి తరలించినందుకు, మేపినందుకు, చికిత్స చేసినందుకు అయ్యే ఖర్చును జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు, నిర్ణయించిన రేటు ప్రకారం యజమాని చెల్లించాలి, అతడు నిరుపేద అయితే మేజిస్ట్రేటు మినహాయించవచ్చు. స్వాధీనం చేసుకున్న జంతువుల సంరక్షణపై 2017లో వచ్చిన నిబంధనలు కేసు తేలేదాకా ఆ ఖర్చుకు యజమాని చేత బాండు రాయించుకోవాలన్నాయి. 2001 నిబంధనలు జిల్లాకొక జంతు హింస నివారణ సంఘం ఉండాలనీ, ఆశ్రయాలకూ వైద్యశాలలకూ రాష్ట్ర ప్రభుత్వం భూమి ఇవ్వాలనీ స్పష్టంగా చెప్పాయి. ఇంత రాసి ఉన్నా పోలీసులు ఒక గుర్రాన్ని పట్టుకుంటే దాన్ని కట్టేయడానికి చోటు కోసం వాలంటీర్లకు ఫోన్ చేయవలసి వస్తోందంటే లోపం చట్టంలో కాదు, అమలులో ఉంది.

గుర్రం యజమానిని దోషిగా నిలబెట్టి చేతులు దులుపుకోవడం మాత్రం న్యాయం కాదు. పెళ్లి గుర్రాన్ని నమ్ముకున్న కుటుంబం కూడా ఆ గుర్రంతో పాటే పస్తులుంటుంది. 1930లో కైరో వెళ్లిన డొరొతీ బ్రూక్ అనే ఆంగ్ల మహిళ అక్కడి వీధుల్లో బక్కచిక్కి బండ్లు లాగుతున్న పాత సైనిక గుర్రాలను చూశారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం వెంట తీసుకెళ్లకుండా అమ్మేసిన గుర్రాలవి. నిజాం అశ్విక దళమైన మన హైదరాబాద్ లాన్సర్లు కూడా పోరాడిన రంగం అది. ఆమె 1931లో లండన్ పత్రికకు లేఖ రాస్తే విరాళాలు వెల్లువెత్తాయి, వాటితో సుమారు ఐదు వేల గుర్రాలను కొని విముక్తి కలిగించారు. కోలుకోలేని స్థితిలో ఉన్న చాలా గుర్రాలకు ఆమె ఇవ్వగలిగింది కొన్ని రోజుల విశ్రాంతి, కడుపునిండా మేత, నొప్పి లేని మరణం. అలాంటి నిర్ణయం పశువైద్యుడి చేతుల మీదుగా జరగడం దయలో భాగమేనని ఇక్కడ సేవ చేసేవాళ్లు కూడా గుండె రాయి చేసుకుని అంగీకరించాలి. 1934లో కైరోలో ఆమె పెట్టిన ఆసుపత్రి తర్వాత్తర్వాత పేద యజమానుల గుర్రాలకు, గాడిదలకు ఉచితంగా వైద్యం చేసే పెద్ద సంస్థగా ఎదిగి మన దేశంలోనూ పనిచేస్తోంది. కాపాడవలసిన గుర్రాల సంఖ్యనే తగ్గించే మార్గం అది. గుర్రపుసాలల దగ్గరికే పశువైద్యుడు, లాడాలు కొట్టే పనివాడు నెలకొకసారి వెళ్లే ఏర్పాటుంటే అనేక గాయాలు పుండ్లు కాకముందే మానతాయి.

నిషేధం ఒక్కటే విరుగుడని వాదించేవాళ్లు ముంబయిని గుర్తు చేస్తారు. వినోదం కోసం విక్టోరియాలనే గుర్రపు బండ్లు తిప్పడం చట్టవిరుద్ధమని 2015 జూన్ 8న బొంబాయి హైకోర్టు తీర్పిచ్చింది, ఏడాదిలోగా వాటిని ఆపేయమంది. అదే తీర్పు ఆ బండ్ల మీద బతుకుతున్న కుటుంబాలకు పునరావాస పథకం రూపొందించమని ప్రభుత్వాన్ని ఆదేశించిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పని పోయిన గుర్రం ఎక్కడికి వెళ్తుందో ముందే నిర్ణయించని నిషేధం దాన్ని వీధిపాలు చేస్తుంది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు మా సమాధానం గుర్రప్పందేల వైపు చూడమనే. పందెం గుర్రం రెండేళ్ల వయసులో పరుగు మొదలుపెట్టి చాలాసార్లు ఆరేడేళ్లకే మైదానం వదిలేస్తుంది. బాగా చూసుకుంటే పాతిక, ముప్ఫయ్యేళ్లు బతుకుతుంది. అమెరికాలో యజమానులు, పెంపకందారులు, పందెం మైదానాలు తలాకొంత వేసుకుని 2012లో థరోబ్రెడ్ ఆఫ్టర్‌కేర్ అలయన్స్‌ను ఏర్పాటు చేసుకున్నారు. రిటైరైన గుర్రాలను ఆదుకునే కేంద్రాలను తనిఖీ చేసి, ప్రమాణాలు పాటించేవాటికి ఆ నిధి నుంచి సాయం చేస్తున్నారు. మన దేశంలో పందేలపై 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతానికి పెరిగింది. ప్రభుత్వాల ఖజానాకు చేరే ఆ సొమ్ములో కొంత వాటా, ప్రతి గుర్రం నమోదు సమయంలో యజమాని కట్టే కొంత మొత్తం కలిపి విశ్రాంత గుర్రాల నిధిగా పక్కన పెట్టడం సాధ్యమే. మలక్‌పేట మైదానం ఉన్న తెలంగాణ దీనికి చొరవ చూపితే మిగతా రాష్ట్రాలకు దారి చూపినట్టవుతుంది. నిధి ఎవరి చేతికి పోవాలన్నది కూడా తేల్చాలి: లెక్కలు బయటపెట్టని, పశువైద్యుడు లేని, చోటుకు మించి గుర్రాలను కుక్కిన షెడ్డుకు ఆశ్రయం అనే పేరు ఉన్నంత మాత్రాన పైసా ఇవ్వకూడదు.

శాసనసభలో కొత్త చట్టం చేయకుండానే రెండు తెలుగు రాష్ట్రాల కలెక్టర్లు ఈ నెలలోనే చేయగలిగిన పని ఒకటుంది. జిల్లా జంతు హింస నివారణ సంఘాన్ని సమావేశపరచి, గుర్రానికి రోజుకు మేత ఎంత, వైద్యం ఎంత, రవాణా ఎంత అన్న రేటు ఖరారు చేసి నోటిఫై చేయాలి. ఆ కాగితం చేతిలో ఉంటే ఆశ్రయ కేంద్రం నడిపే వ్యక్తి దాతలను బతిమాలే బదులు కేసు మొదటి వాయిదా రోజునే మేజిస్ట్రేటు ముందు నిలబడి, గుర్రాన్ని తమకు అప్పగించిన తేదీ నుంచి అయిన ఖర్చును హక్కుగా అడగగలుగుతారు.