ఉప్పు "తగినంత"ట!

చిన్న పచ్చళ్ల వ్యాపారులకి ఆహార భద్రత శిక్షణట. అక్కడ పంచిన నాలుగు పేజీల కాగితం ఇప్పుడే వాట్సాప్‌లో చూశా, ఒళ్లు మండిపోయింది. టోపీ పెట్టుకోండి, గోళ్లు కత్తిరించుకోండి, ఉప్పు తగినంత వేయండి. తగినంత అంటే ఎంత నాయనా? ఆ మాట ఇంట్లో అమ్మమ్మ అంటే చెల్లుతుంది. మీరు సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపుతున్నారు కదా!

ఉప్పు మీద నిలిచే పచ్చడికి ఊటలో 12 శాతం ఉప్పుండాలని నిబంధనల్లోనే ఉంది. నూనె పచ్చడైతే ముక్కలు నూనెలో మునిగే ఉండాలి. ఈ రెండు ముక్కలకి చోటు లేదు గానీ, ముఖ్య అతిథి ఫొటోకి అర పేజీ!

ఆవకాయ సంగతి పర్లేదు, కాయలోనే పులుపుంది. ముక్క తడి తుడవకపోయినా, నూనె పీల్చుకున్నాక మళ్లీ పోయకపోయినా బూజు పడుతుంది, కంటికి కనబడుతుంది, పారబోస్తాం. భయమంతా కొరియర్లో అమెరికా దాకా వెళ్తున్న చికెన్, రొయ్యల పచ్చళ్లతో. మాంసంలో పులుపుండదు, ముక్క మధ్యలో తేమ, చుట్టూ గాలాడని నూనె. ప్రాణాంతకమైన విషం చేసే బొటులినం క్రిమికి సరిగ్గా కావలసింది అదే. వేపినంత మాత్రాన దాని బీజాలు చావవు. వాసన, రంగు మారకుండానే విషం తయారవ్వచ్చు. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ) 4.6 కంటే దిగితే దానికి కళ్లెం. నిమ్మరసం పిండిన గంటకే పీహెచ్ మీటరు పెడితే గుజ్జు పుల్లగా చూపిస్తుంది, ముక్క లోపల మాత్రం చప్పగానే ఉంటుంది. కనీసం ఒక రోజు ఊరనిచ్చి, నూనె వంపేసి, ముక్కతో సహా మెత్తగా రుబ్బి చూడాలి. మీటరుని ముందు పీహెచ్ 4, 7 అని ఖాయంగా తెలిసిన బఫర్ ద్రావణాలతో సరిచూసుకోవాలి. మొనకి నూనె అంటిందా, అంకె నమ్మొద్దు. సరిగ్గా 4.6 దగ్గర ఆగిపోకండి, 4.2 దాకా దించండి.

ఇది నేర్పడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, తెలిసిన మనిషుంటే చాలు. ఆ మనుషులు లేరా? వెంకట్రామన్నగూడెంలో ఒక ఉద్యాన విశ్వవిద్యాలయం, సిద్దిపేట జిల్లా ములుగులో ఇంకొకటి. అక్కడ చదివి బయటికొచ్చిన పిల్లలు ఎక్కడ తేలుతున్నారు? గ్రూప్స్ కోచింగ్‌లో, లేదంటే పురుగుమందుల కొట్లో కౌంటరు వెనక.

నాకు అసలు మంట ఇక్కడే. మామిడి సీజన్ రాగానే కార్బైడ్‌తో కాయలు మాగబెడుతున్నారని అధికారుల దాడులు, వెనకాలే టీవీ కెమెరాలు. దాని బదులు ఇథిలిన్ గ్యాస్ 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో వంద) దాకా వాడుకోవచ్చని ఓ ముక్క చెప్పి వెళ్లిపోతారు. గది 20 డిగ్రీల దగ్గర ఉండాలని, కాయలు వదిలే కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే పండడం మందగిస్తుందని, మధ్యమధ్యలో తలుపు తీసి గాలి మార్చాలని రైతుకి ఎవరు చెప్తారు? లేత కాయకి ఎంత గ్యాస్ పెట్టినా తోలు పసుపెక్కుతుంది తప్ప తీపి రాదు. నీళ్లలో వేస్తే ముదురు కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. బకెట్టు నీళ్ల పని! కాలేజీలో దాన్ని పిల్లల చేత చేయించరు, రెండు మార్కుల ప్రశ్నగా ఇస్తారు.

పైగా పళ్లు ఏరి ప్యాక్ చేసే ప్యాక్‌హౌస్‌లో ఉద్యోగం పడితే "మూడేళ్ల అనుభవం తప్పనిసరి". పురుగుమందుల కౌంటర్లో ఆ అనుభవం ఏ డబ్బాలో వస్తుందో!