పంటు ఎక్కిన ప్లస్ ఏడు

సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్ని నది దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురంలో దిగిన మనిషి ఎక్కినప్పుడు ఎవరో దిగినప్పుడూ అతనే. గోదావరి పాయ వశిష్ఠ దాటినంత మాత్రాన అప్పున్నవాడు ఆస్తిపరుడైపోడు. ఈపాటి లోకజ్ఞానం డెల్టాలో చంటిపిల్లకైనా ఉంటుంది. కానీ హైస్కూల్లో అడుగుపెట్టిన పిల్లవాడు ఒక్క విషయంలో దీన్ని సరిగ్గా తిరగేసి నమ్ముతాడు. సమానం గుర్తుకి ఇవతల ప్లస్ ఏడుగా బతికిన అంకె, అవతల ఒడ్డున దిగేసరికి మైనస్ ఏడు అయిపోతుందట. ఎందుకయిందిరా అని అడగండి. ‘‘అవతలికెళ్ళిపోయింది కదండీ’’ అంటాడు. ఇంకా గుచ్చి అడిగితే, అడిగినవాళ్ళకే లెక్కలు రావని తేల్చేస్తాడు.

నది మధ్యలో ఆ ఏడుకి ఏం జరిగిందన్నది ఇంతవరకూ ఎవరూ విచారించలేదు. కమిటీ వెయ్యలేదు, పంటు నడిపేవాళ్ళ వాంగ్మూలం తీసుకోలేదు. పుస్తకంలో దీనికి పక్షాంతరం అని గౌరవమైన పేరుంది. పక్షం మారితే గుర్తు మారడం ఓటున్న పెద్దలకి వింతేం కాదు గనక ఇంట్లోనూ అభ్యంతరం రాలేదు. ఆ విధంగా ఈ సిద్ధాంతం తరతరాలుగా నిరాటంకంగా సాగుతోంది.

ప్రజాప్రయోజనం దృష్ట్యా అసలు జరిగింది ఇక్కడ నమోదు చేస్తున్నాం. లెక్క: ఎక్స్ + 7 = 12. ఎక్స్‌కి ఏడు అంటుకుని ఉంది, దాన్ని వదిలించాలి. కలిపినదానికి విరుగుడు తీసివేత. అందుకని ఎడమ పక్క 7 తీసేశాం. ఒక పక్క తీసి రెండో పక్క ఊరుకుంటే సమానం గుర్తు అబద్ధమాడినట్టే, కాబట్టి కుడి పక్కా 7 తీశాం. అదే ఈ వరస: ఎక్స్ + 7 − 7 = 12 − 7. ఎడమన ఏడు ఉన్నచోటే చెల్లిపోయి ఎక్స్ ఒక్కటే మిగిలింది, కుడిన 5 వచ్చింది. ఏడు ఏ రేవూ దాటలేదు. కుడి ఒడ్డున కనిపించే మైనస్ ఏడు ఇవతలి నుంచి వచ్చిన ఏడు కానే కాదు, మనం కొత్తగా చేసిన తీసివేత.

నేరమంతా ఆ మధ్య వరస మాయమవడంలో ఉంది. రెండొందల పేజీల నోట్సులో ఆ వరసకి పట్టే చోటు ఒక్క గీత. ఆ గీతని పొదుపు చెయ్యడానికి ట్యూషన్లు చేసిన కృషి సామాన్యమైనది కాదు. ‘‘స్టెప్పులెందుకురా, టైం వేస్టు, అవతలికి పంపెయ్’’ అన్నది ఇప్పుడు జాతీయ పొదుపు ఉద్యమంలో భాగం. పక్షాంతరం తప్పు కాదు. మధ్య వరసని వందసార్లు రాసి, ఇక కళ్ళు మూసుకుని రాయగలిగినవాడికి అది దక్కాల్సిన అడ్డదారి. మన దగ్గర మాత్రం దారి తెలియనివాడికి ముందు అడ్డదారే చూపిస్తారు.

పొదుపు ఫలితాలు గుణకారం దగ్గర బయటపడతాయి. రొయ్యల చెరువు గట్టున ఈ లెక్క రోజూ నడుస్తూనే ఉంటుంది. 50 కౌంట్ అంటే కిలోకి 50 రొయ్యలు తూగాయని. ఒక్కో రొయ్య ఎన్ని గ్రాములు? 50ఎక్స్ = 1000. కాటా దగ్గర నిలబడ్డవాడికి పెన్ను తియ్యాల్సిన పనే లేదు, 20 గ్రాములు అంటాడు. 100 కౌంట్‌కి 10 గ్రాములు, 40 కౌంట్‌కి 25. అదే లెక్క వాళ్ళబ్బాయికి నోట్సులో ఇవ్వండి. పంటు సిద్ధాంతం ప్రకారం 50 అవతలికి వెళ్ళాలి, వెళ్తే గుర్తు మారాలి. ఒక రకం పిల్లవాడు 1000 − 50 అని రాసి 950 గ్రాముల రొయ్యని పడతాడు. అలాంటిది ఒక్కటి దొరికినా చెరువు గట్టున తిరునాళ్ళే. రెండో రకంవాడు ఇంకాస్త శ్రద్ధగా విన్నవాడు. భాగించాలనీ తెలుసు, గుర్తు మారాలనీ తెలుసు. 1000 ని −50 తో భాగించి, రొయ్య బరువు −20 గ్రాములని ఘనంగా కింద గీత గీస్తాడు. అలాంటి రొయ్యలు టన్ను పడితే టన్ను సరుకు మనమే కంపెనీకి బాకీ.

న్యాయంగా చూస్తే ఆ రెండోవాడికి పూర్తి మార్కులు వెయ్యాలి. వాడికి చెప్పింది వాడు అక్షరాలా పాటించాడు. ‘‘కూడికా తీసివేతలకే గుర్తు మారుతుంది, గుణకారం భాగహారాలకి మారదు’’ అని తర్వాత ఇంకో నియమం తగిలిస్తారు. ‘‘భిన్నమైతే ఇలా’’ అని దాని మీద మూడోది. విరుగుడు రెండు పక్కలా వెయ్యాలన్న ఒక్క మాటతో పోయే పనికి ఇన్ని జీవోలు. 50ఎక్స్‌లో 50కీ ఎక్స్‌కీ మధ్య కనిపించకుండా ఉన్నది గుణకారం, దాని విరుగుడు భాగహారం, రెండు పక్కలా 50తో భాగిస్తే ఎక్స్ = 20. ఇందులో మైనస్‌కి చోటెక్కడుంది? ఆ కనిపించని గుణకారం సంగతి మొదటిరోజే చెప్పకపోతే ఇంకో వినోదం కూడా ఉంది. 5ఎక్స్‌లో ఎక్స్ బదులు 4 పెట్టమంటే పిల్లవాడు 20 అనడు, 54 అంటాడు.

భిన్నాలకి వద్దాం. నలుగురు అన్నదమ్ములు సమంగా పంచుకుంటే తలా 30 సెంట్లు వచ్చింది, మొత్తం పొలమెంత? ఎక్స్/4 = 30. కోనసీమలో ఏ అరుగు మీద అడిగినా ‘‘ఎకరం ఇరవై’’ అని ఠక్కున చెప్తారు. 4తో భాగించారు, విరుగుడుగా 4తో గుణిస్తే 120 సెంట్లు. కానీ 4 కింద ఉందని, కిందున్నది అవతలికి వెళ్ళినా కిందే ఉంటుందని నమ్మే పిల్లవాడు 30/4 రాసి ఏడున్నర సెంట్లు తేలుస్తాడు. తలా 30 సెంట్లు పుచ్చుకున్న నలుగురి ఉమ్మడి ఆస్తి ఏడున్నర సెంట్లు! ఇలాంటి దస్తావేజు నిజంగా పుడితే మనవల కాలానికి కూడా కోర్టు కేసు తెమలదు.

దశాంశాలు ఇంకా సూక్ష్మమైన వ్యవహారం. ఇక్కడ ధాన్యం బస్తా అంటే 75 కిలోలు, క్వింటాల్‌లో ముప్పావు. 24 క్వింటాళ్ళయితే ఎన్ని బస్తాలు? 0.75ఎక్స్ = 24. ఈసారి పిల్లవాడికి భాగించాలని తెలిసినా చెయ్యి రాదు. భాగిస్తే అంకె చిన్నదవ్వాలని వాడికి మూడో తరగతి నుంచీ ఉన్న నమ్మకం. బస్తా క్వింటాల్ కన్నా చిన్నది గనక బస్తాల లెక్క 24 దాటాలని ఇంట్లో బామ్మకి కూడా తెలుసు. నోట్సు తెరిచేసరికి ఆ తెలివి గుమ్మంలోనే ఆగిపోతుంది. గుణించేసి 18 బస్తాలంటాడు. రైతుకి 14 బస్తాలు గల్లంతు. ఒకటి కన్నా చిన్నదానితో భాగిస్తే జవాబు పెరుగుతుంది: 24 ÷ 0.75 = 32. నమ్మకం కుదరకపోతే నాలుగింతలు చేసి చూసుకోవచ్చు. 3ఎక్స్ = 96, ఎక్స్ = 32.

సమానం గుర్తు పరిస్థితి మరీ దయనీయం. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ వైద్యుడు రెండు సమాంతర గీతలు గీసి, ఇంతకన్నా సమానమైన జంట ఉండదని దీన్ని ప్రవేశపెట్టాడు. రెండు పక్కల విలువా ఒకటేనని ఆయన ఉద్దేశం. మన దగ్గర అది కాలిక్యులేటర్ మీద మీటగా మారి ‘‘జవాబు వస్తోంది, పక్కకి జరగండి’’ అని అరవడానికే మిగిలింది. అందుకే ఎక్స్ + 7 = 12 − 7 = 5 అని ఒకే వరసలో రైలుపెట్టెల్లా తగిలిస్తారు. చివరి జవాబు ఒప్పే, కానీ ఆ వరస ప్రకారం ఎక్స్ + 7 విలువ 5. పైన 12 అని ఇచ్చింది ఎవరికి? దిద్దేవాళ్ళు చివరి అంకె చూసి టిక్కు పెట్టేస్తారు కాబట్టి ఈ అబద్ధానికి జీవితకాల రక్షణ ఉంది.

9 = ఎక్స్ + 4 అని ఇస్తే సగం తరగతి ఆగిపోతుంది, ఎక్స్ కుడి పక్క కూర్చుందని. దాన్ని ఎక్స్ + 4 = 9 అని అటుదిటు రాసుకోవచ్చు, ఒక్క గుర్తూ మారదు. పంటు భక్తులు మాత్రం అందరూ నది దాటారని అందరి గుర్తులూ మారుస్తారు. విచిత్రమేంటంటే నిజంగా అందరివీ మారిస్తే అదీ ఒప్పే. రెండు పక్కలా −1తో గుణించినట్టవుతుంది. కానీ పిల్లవాడు ఎప్పుడూ మూడింటిలో రెండే మార్చి మూడోది మర్చిపోతాడు.

12 − ఎక్స్ = 5 ని ఒకే అడుగు లెక్కల్లో, అంటే ఒక్క విరుగుడుతో తేలిపోయేవాటిలో, పెట్టేవాళ్ళని ఏమనాలో తెలియడం లేదు. 12 తీసేస్తే −ఎక్స్ = −7 మిగులుతుంది. పిల్లవాడు అక్కడే పెన్ను దించి ఎక్స్ = −7 అని ప్రకటిస్తాడు. ముందుగా రెండు పక్కలా ఎక్స్ కలిపితే 12 = 5 + ఎక్స్ అవుతుంది, మైనస్ గొడవే ఉండదు. ఎటు తిప్పినా అడుగులు రెండే.

ఈ అరాచకానికంతా మందు ఒకటుంది, చాలా చౌక. వచ్చిన జవాబుని మొదటి లెక్కలో పెట్టి చూడటం. ధవళేశ్వరం దగ్గర కాటన్ బ్యారేజికి మొత్తం 175 గేట్లు. ధవళేశ్వరం పాయ మీద 70, ర్యాలి మీద 43, మద్దూరు మీద 23. విజ్జేశ్వరం మీద ఎన్ని? 136 + ఎక్స్ = 175. తీసివేస్తే 39. గుర్తు మార్చడం మర్చిపోయినవాడికి 311 వస్తుంది. మొత్తం గేట్లే 175 అయితే ఒక్క విజ్జేశ్వరంలో 311! 136 + 311 = 447 అని పక్కన రాసుకుంటే పది సెకన్లలో గుట్టు బయటపడుతుంది. కానీ సరిచూడటానికి మార్కులు లేవు, మార్కులు లేని పనికి టైమూ లేదు. వరద మూడో హెచ్చరిక దాటినా సరే, పేపర్లో అదనపు గేట్లు అలాగే ఉండిపోతాయి.

ఇంతా చేసి రెండు పక్కలా ఒకే పని చేస్తే అన్నీ క్షేమమేనని అనుకోకండి. రెండు పక్కలా సున్నాతో గుణిస్తే 0 = 0 వస్తుంది. తప్పేమీ లేదు, కానీ ఎక్స్ ఆచూకీ ఎప్పటికీ తెలియదు. సున్నాతో భాగించడం అసలే కుదరదు. అందుకే 0ఎక్స్ = 5 అన్న సమీకరణానికి సాధనే లేదు. ఏ అంకెని సున్నాతో గుణించినా 5 రాదు. ఒక పిల్లవాడు నిజంగా ఆలోచించి ‘‘సాధన లేదు’’ అని రాశాడనుకుందాం. దిద్దేవారు దాన్ని ‘‘సమాధానం రాయలేదు’’ కింద జమకట్టి సున్నా వేస్తారు. బిట్ పేపరైతే ఆ బాధా ఉండదు. ఆప్షన్లు ఎ) 0, బి) 5, సి) −5, డి) పైవన్నీ.