ఎనిమిదా, ఇరవయ్యా? కౌన్సెలింగ్‌కూ ఓ లెక్క ఉండాలి

"ఎన్నిసార్లు రావాలండీ?" థెరపిస్టును మొదటి రోజే అడగాల్సిన మాట ఇది. "అది మిమ్మల్ని బట్టి ఉంటుంది" అని దాటేస్తే ఊరుకోనక్కర్లేదు. మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1940లలో అమెరికాలో రూపుదిద్దిన మానవతావాద థెరపీ మనం చెప్పేది శ్రద్ధగా వింటూ, మన దారి మనమే వెతుక్కునేలా తోడుంటుంది; సలహాలివ్వదు, హోంవర్క్ పెట్టదు. అందుకే దీనికి అంతూపొంతూ ఉండదన్న అపోహ.

లెక్కలు లేకపోలేదు. డిప్రెషన్ తీవ్రత తక్కువైతే కౌన్సెలింగ్‌కు మామూలుగా 8 సెషన్లు, ఎక్కువైతే 12 నుంచి 16 అని బ్రిటన్‌లో ఏ చికిత్స ఎలా ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. వారానికొకటి, 50 నిమిషాల చొప్పున అయితే రెండు నుంచి నాలుగు నెలల పని. బ్రిటన్‌లోని షెఫీల్డ్‌లో 510 మందిపై జరిగి 2021లో వెలువడిన ట్రయల్‌లో 20 సెషన్ల దాకా ఇచ్చారు. ఆరు నెలలకు ఈ పద్ధతి సీబీటీకి (ఆలోచనల తీరును, అలవాట్లను మార్చుకోవడం నేర్పే థెరపీ) తీసిపోలేదు. ఏడాది తిరిగేసరికి మాత్రం సీబీటీదే కాస్త పైచేయి. ఈ పద్ధతిని మెచ్చుకునేవాళ్లు ఆ రెండో ముక్క చెప్పరు.

చాలామంది మూడో సెషన్‌కే మానేస్తారు. "నేనేం చెయ్యాలో చెప్పండి" అని అడిగితే, "ఎవరో ఒకరు చెప్పేస్తే బాగుండుననిపిస్తోందా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. డబ్బు కట్టి ఇదేంటని చిరాకు. ఆ చిరాకునే థెరపిస్టు ముందు పెట్టాలి. అసలు పని తరచూ అక్కడే మొదలవుతుంది.

సాగదీయడం ఇంకో తప్పు. రకరకాల థెరపీలను కలిపి చూసిన 1986 నాటి హోవర్డ్ బృందం విశ్లేషణలో 8 సెషన్లకు సగం మంది, 26కు ముప్పావు వంతు మంది మెరుగుపడ్డారు. అంటే మొదట్లో వచ్చినంత మార్పు తర్వాత రాదు. కాబట్టి ఆరో సెషన్ దగ్గర ఆగి చూసుకోవాలి. డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కు ఎంత వచ్చింది? మొదటి రోజుకంటే కనీసం 6 తగ్గితేనే బ్రిటన్ ప్రభుత్వ సేవల్లో నికరమైన మెరుగుదలగా లెక్కిస్తారు. కదలిక లేకపోతే పద్ధతో, థెరపిస్టో మారాలి.

చిన్ననాటి హింస, ఏళ్ల తరబడి నలిగిన సంబంధాలు ఉంటే ఏడాదైనా పట్టొచ్చు. అక్కడ తొందరపెట్టడం నా దృష్టిలో అన్యాయం. చనిపోవాలనే ఆలోచనలుంటే మాత్రం సెషన్ల లెక్క పక్కనపెట్టి వెంటనే సైకియాట్రిస్టును కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416లో తెలుగులోనూ మాట్లాడతారు.